కోరి కోయించుకున్న జీతం

ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం చాయ్ తాగుతూ, ఈ ఏడు ఆదాయపు పన్నును ఓడించాలని యాదగిరి నిశ్చయించుకున్నాడు. హనుమకొండలో ఒక విత్తనాల కంపెనీకి అతను స్టోర్ ఇన్‌ఛార్జి. పక్కసీటు నవీన్ చెప్పిన ఉపాయం సులువుగానే ఉంది. జీతంలోంచి పీఎఫ్‌కు ఎక్కువ కోయించుకుంటే, పన్ను లెక్కకు వచ్చే ఆదాయం తగ్గుతుంది. ఆ మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే దొరుకుతుంది కాబట్టి, పాతదే కావాలని ఆఫీసులో చెప్పాలి. యాదగిరి రెండు పనులూ చేశాడు. భార్యకు చెప్పలేదు. ఇంట్లో మనిషికి చెప్పాలని తట్టకపోవడం మగవాళ్లలో చాలామందికి ఉన్న జబ్బే. దానికి మందు లేదు.

నెలాఖరుకు జీతం పడిన మెసేజ్ ఎప్పటిలాగే అనసూయ ఫోనుకు వచ్చింది. ఎందుకు తగ్గిందని ఆమె అడగలేదు. గండం గడిచిందనుకున్నాడు.

వారం తిరిగేసరికి ఆమెకు తుమ్ములు పట్టుకున్నాయి. చేతులు ఎర్రగా కందిపోయాయి.

"ఏందే, చేతులు గట్లయినయ్?"

"మామిడికాయ తొక్కు పెట్టిన. కారం తగిలింది."

"వారం సంది తొక్కే పెడతానవా?"

"చుట్టాలకు సుత ఇయ్యద్దా."

ఆమె ఇచ్చిన తువాలుతో ముఖం తుడుచుకుంటే యాదగిరి కళ్లు భగ్గుమన్నాయి. కూతురు పూజ కూడా తుమ్మడం మొదలుపెట్టింది. ఇదేదో అంటురోగమని అతనికి భయం పట్టుకుంది. ముగ్గురూ దవాఖానకు వెళ్లారు. డాక్టరు సంచెడు మందులు రాసి, అనసూయకు ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నాడు. మందుల బిల్లు చూసి అనసూయ ముఖం మాడ్చుకుంది. మర్నాటి నుంచి ఆమె తుమ్ములు ఇంకా పెరిగాయి. ఊపిరితిత్తులకు ఏదో అయిందని యాదగిరికి అన్నం సహించలేదు.

ఎక్స్‌రేకు తీసుకుపోదామని ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చాడు. తాళం వేసి ఉంది. పక్కింటి కట్టమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అనసూయ ఏడికి పోయింది వదినా?"

"మిర్చి యార్డుకు, తొడిమెలు తీయ. మందుల ఖర్చు పడ్డకాన్నుంచి ఇంకింత పొద్దుగాల్నే పోతాంది."

"తొడిమెలు తీసుడేంది?"

"నీ జీతం కోసిండ్రట గద. రేపోమాపో కొలువు సుత తీస్తరని ఆమె భయం. అడిగితె నువ్వు చిన్నబోతవని అడగలే. నువ్వు సుత ఎరుకలేనట్టే ఉండు మరి."

యాదగిరి ఆటో ఎక్కాడు. యార్డులో ఎర్రటి కుప్పల మధ్య ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. అందరూ ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. అనసూయ అతన్ని చూసి గుడ్డ కిందికి లాగింది.

"పోయిందా కొలువు?" అని మెల్లగా అడిగింది.

"పోలే. నా జీతం ఎవ్వలు కోయలే. నేనే కోయించిన, టాక్స్ తగ్గుతదని."

చుట్టూ ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

"ఎంత తగ్గింది?"

అది అతనికీ తెలియదు. ఆఫీసులో జీతాలు చూసే శోభారాణికి ఫోన్ చేశాడు. తుమ్ముల మధ్య వినపడక స్పీకర్ పెట్టాడు. అదీ అతని తప్పే.

"యాదగిరి గారూ, కొత్త పద్ధతిల ఉంటే మీ జీతానికి అసలు టాక్సే పడకపోవు. పాతది కావాలని మీరే అంటిరి. గంత పీఎఫ్ కోయించుకున్నా పాతదాంట్ల ఇంకా టాక్స్ పడతాంది" అన్నది శోభారాణి. "అది రిటర్న్ వేసేటప్పుడు కొత్తదానికి మారితే వాపస్ వస్తది. పీఎఫ్ కోత మాత్రం మార్చి దాకా మనకాడ మార్చరు. ఫికర్ చేయకుండ్రి, మీ పైసలు ఏడికి పోవు."

"ఇంటికి సుత రావు" అన్నది పక్కనున్న ముసలమ్మ. వరసంతా నవ్వింది. అనసూయ నవ్వలేదు.

"నాకొక్క మాట చెప్తే ఏమయ్యేది?"

"నువ్వు సుత అడగలే గద."

"నీ మొఖం చిన్నగయితే చూడలేక."

యాదగిరి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మిర్చి ఘాటుకో, మరెందుకో, ఎవరూ అడగలేదు. అనసూయ కొద్దిగా జరిగి చోటిచ్చింది.

"కూసో. కండ్లల్ల చెయ్యి పెట్టకు. కాయ ఇట్ల పట్టాలె."

పొద్దు వాలే దాకా ఇద్దరూ తొడిమెలు తీశారు. అతను తీసిన కాయల్లో సగం విరిగాయని మేస్త్రి అతని కూలి కోసేశాడు.

ఆ నెల ఆ ఇంటికి కోత లేకుండా వచ్చిన సంపాదన అనసూయదొక్కటే.