మిషనరీల తరఫున విశ్రాంతి

లంకలపూడి సంఘంలో మిషనరీలు సెలవు మీద ఊరికొస్తే వాళ్ల విశ్రాంతిని సంఘస్థులు తీసుకుంటారు, అలసట మాత్రం మిషనరీల ఒంట్లోంచే పోతుంది. ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. వాళ్లు కోరాపుట్ కొండల్లో మన తరఫున సువార్త చెబుతున్నప్పుడు, మనం కోనసీమలో వాళ్ల తరఫున ఓ కునుకు తీయలేమా అని సంఘపెద్ద గెడ్డం సువర్ణరాజుగారు ఒక ఆదివారం ప్రకటనల వేళ అడిగారు. ఆరాధన ముగియగానే ఆయన పడక్కుర్చీలో వాలి నమూనాగా నిద్రపోయి చూపించారు. ఆయన గురక అందుకున్న కాసేపటికే, కొండ ఎక్కలేక రాయి మీద కూలబడ్డ మిషనరీ చలాకీగా లేచి నడిచాడని ఫోను వచ్చింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

ఈసారి సెలవు మీద వచ్చింది ఎజ్రా, సుకీర్తి దంపతులు. నాలుగేళ్ల తర్వాత రావడం. రైలు దిగిన పూట నుంచే కూడికలు. పొద్దున అమలాపురం, మధ్యాహ్నం రాజోలు, సాయంత్రం మరో లంక గ్రామం. ప్రతిచోటా తెర మీద కొండ ఫోటోలు చూపించాలి, అక్కడి బడి గురించీ బావి గురించీ చెప్పాలి, తమకోసం ప్రార్థించినవాళ్లకు పేరుపేరునా వందనాలు చెప్పాలి. నడుం వాల్చడానికి తీరిక ఎక్కడిది? ఆ బరువంతా సువర్ణరాజుగారు నెత్తినేసుకున్నారు. రోజూ భోజనం కాగానే ఫ్యాను కింద చేరి, ఇద్దరి నిద్రా ఆయనొక్కరే పోయేవారు. వయసు మళ్లినవాడు, కష్టమే అయినా ఏనాడూ సణగలేదు.

ప్రేమవిందుల్లో దంపతుల వాటా పలావును సంఘ పరిచారకులైన డీకన్లు పంచుకు తిన్నారు. ఎజ్రా ప్రసంగిస్తుండగానే అతని కడుపు నిండిపోయేది. రుచి ఒక్కటే తెలిసేది కాదు. ఒకసారి ఓ డీకను రొయ్యల వేపుడు పదేపదే వడ్డించుకోవడంతో, ఎజ్రా వాక్యం మధ్యలో ఆగి గుండె పట్టుకున్నాడు. పరిశుద్ధాత్మ దిగిందనుకుని సభ స్తోత్రాలతో దద్దరిల్లింది. ఎజ్రా సోడా తాగి ప్రసంగం కొనసాగించాడు.

ఇక వాళ్ల కూతురి సంగతి. హెప్సిబాని అయిదో ఏట రాజమండ్రి హాస్టల్లో చేర్చి వాళ్లు కొండకు వెళ్లారు. పిల్లకి తల్లి ఒడి లేకుండా చేస్తారా అని ఎవరూ సంఘాన్ని వేలెత్తి చూపకూడదు కదా. అందుకని స్త్రీల సమాజం అధ్యక్షురాలు రత్నమణమ్మగారు శనివారం శనివారం వెళ్లి తల్లి తరఫున పిల్లని కావలించుకుని వచ్చేవారు. కొండ మీద సుకీర్తి పొయ్యి ముందు కూర్చుని ఉండగా, ఆ బరువు ఆమె ఒంటికి ఆనేది. మొదట్లో తల నడుం దగ్గర తగిలేది. పోను పోను పక్కటెముకల దాకా వచ్చింది. పిల్ల ఎదుగుతోందని సుకీర్తికి అలాగే తెలిసేది. ఆ నాలుగేళ్లూ ఆమె శనివారాల కోసమే బతికింది.

అంచేత ఆమె ఒక కోరిక కోరడం సంఘ కమిటీని బాగా నొప్పించింది.

"ఒక్కసారి రాజమండ్రి వెళ్లొస్తానండి. పిల్లని నా చేతుల్తో పట్టుకోవాలనుందండి" అంది.

సువర్ణరాజుగారు రత్నమణమ్మ వైపు చూశారు. రత్నమణమ్మ పైట చెంగుతో కళ్లొత్తుకుంది.

"అదేంటండీ అమ్మగారూ, మా ఆడోళ్ల కౌగిలింతలో ఏవైనా లోటొచ్చిందాండి?" అన్నారాయన.

"లోటేం లేదండి. అందుతానే ఉందండి."

"అందుతా ఉంటే మళ్లీ మీకెందుకండీ ప్రయాణం? రేపు ముమ్మిడివరంలో కూడిక ఉంది కదండీ. జనం మీ కబుర్ల కోసం కాసుక్కూచుంటారండి."

ఎజ్రా భార్యని పక్కకి పిలిచి, "ఊరుకో సుకీర్తీ. ఇంత చేస్తున్నోళ్ల మనసు కష్టపెడితే ఎలాగే?" అన్నాడు. అతని ముఖంలో అలసట అన్నది మచ్చుకైనా లేదు. సుకీర్తి మర్నాడు ముమ్మిడివరం కూడికకే వెళ్లింది.

కానీ లంకలపూడి సంఘానిది రాతిగుండె కాదు. సెలవు ముగింపు కృతజ్ఞతా కూడికకు పిల్లనే తీసుకొచ్చి తల్లికి చూపించాలని కమిటీ నిర్ణయించింది. ఈ మాట విన్న పూట సుకీర్తి ఆనందానికి హద్దు లేదు. పిల్ల జడకని గులాబీరంగు రిబ్బను కొని చేతిసంచిలో దాచుకుంది.

అంత ఘనమైన కూడిక ఆ ప్రాంతం ఎరగదు. గుడి చాలక రోడ్డు దాకా షామియానా వేశారు. బ్యాండు మేళంతో దంపతుల్ని వేదిక ఎక్కించారు, చేమంతి దండలు గడ్డం దాకా పడ్డాయి. సుకీర్తి కొండ మీది కబుర్లు చెబుతూ, "అక్కడి ఆడోళ్లు నాకు పిల్లల్లేరనుకుంటారండి. పాపం, దేవుడు కరుణిస్తాడులే అని నన్నే ఓదారుస్తారండి" అంది. సభ పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆమె చూపు మాత్రం పక్క వాకిలి మీదే ఉంది.

ఆ వాకిలి నుంచి హెప్సిబా వచ్చింది. తెల్లగౌను వేసుకుంది, తొమ్మిదేళ్ల పిల్లకి మించిన నడవడిక. నేరుగా తల్లి ముందుకి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"వందనాలండి" అంది.

పెంపకం అంటే ఇదీ అని జనం మెచ్చుకున్నారు. సుకీర్తి వంగి చేతులు చాపేలోగా, పిల్ల పక్కకి తిరిగి, వేదిక అవతలి కొసన నిలబడ్డ రత్నమణమ్మ దగ్గరకి పరుగెత్తి ఆమెని గట్టిగా కావలించుకుంది. అమ్మని కావలించుకోవడం అంటే ఆ పిల్లకి తెలిసింది అదే. అలవాటైన చోటికే వెళ్లింది, పిల్ల తప్పేముంది?

పద్ధతి ఎక్కడా విఫలం కాలేదు. ఆ బరువు సుకీర్తి గుండెకు ఆనింది. తల ఈసారి భుజం కింది దాకా వచ్చింది. ఆమె ఉన్నచోటే నిలబడి, ఆ బరువు చుట్టూ, గాలిలో రెండు చేతులూ వేసింది. ఒక చెయ్యి పైకి లేచి, జుట్టు ఉండాల్సిన చోట నిమిరింది.

జనంలో కొందరు మొహాలు చూసుకున్నారు. సువర్ణరాజుగారు మెల్లగా ఆమె దగ్గరకొచ్చారు. ఆయన గొంతులో నిజమైన ప్రేమ ఉంది.

"చేతులు దించండమ్మగారూ. అది కూడా మేవే చేస్తన్నాం కదండీ. మీరు ఇంక శ్రమపడకండి."

సుకీర్తి చేతులు దించింది. సంఘం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ ఊపులోనే పెద్దలు మరికొన్ని కుటుంబాలను కొండలకు పంపాలని తీర్మానించారు. చిన్నపిల్లలున్న దంపతులు పోటీపడి చేతులెత్తారు.

తర్వాత మైకు ఆమెకిచ్చారు. సుకీర్తి సంఘానికి కృతజ్ఞతలు చెప్పింది. ఎక్కడా తడబడలేదు, గొంతు వణకలేదు, కళ్లు పొడిగా మెరుస్తున్నాయి. ఆమె ఏడవాల్సిందంతా స్త్రీల సమాజం వాళ్లు ముందు వరసలో కూర్చుని ఏడ్చారు.