ఆదిబాబు కట్టిన ఎర్ర ట్యాగు

ఆ ఆదివారం ఉదయం ఆదిబాబు ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి కూతురు శ్వేతని కారులో సాక్చిలోని సెంటరుకి తీసుకెళ్ళాలి. బ్యాంకు పరీక్ష, తొమ్మిదికి గేటు మూసేస్తారు. ఈలోగా ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసేయాలి. అది మురికిపడితే కారు పెట్రోలు తెగ తాగేస్తుందని ఎవరో వీడియోలో చెప్పారు.

ఆదిబాబు ఇరవై రెండేళ్ళుగా ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. అక్కడ యంత్రం విప్పేముందు ఎర్ర ట్యాగు తగిలిస్తారు. తగిలించినవాడే తీయాలి, ఇంకొకడు ముట్టుకుంటే ఉద్యోగానికే ఎసరు. ఆ అలవాటుకొద్దీ ఎర్ర అట్టముక్క మీద "పని జరుగుతోంది, స్టార్ట్ చేయరాదు - ఆదిబాబు" అని రాసి స్టీరింగుకి కట్టాడు. ఫిల్టర్ తీసి దులిపాడు. తెల్లబడలేదు. సర్ఫు నీళ్ళలో వేశాడు. అది కాగితం ఫిల్టరు. నానిన అప్పడంలా అయిపోయింది.

"పది నిమిషాల్లో కొత్తది అట్టుకొత్తాను!" అని భార్య త్రివేణికి అరిచి చెప్పి, వీధి చివర దొరికిన ఒకే ఒక్క ఆటో ఎక్కేశాడు.

ఎనిమిదింపావైనా జాడ లేదు. త్రివేణి ఫోన్ చేస్తే బానెట్ కింద మోగింది.

"మమ్మీ, పాపా కహాఁ హైఁ?" హిందీ ఊళ్ళో పెరిగిన శ్వేత నాన్న కోసం వీధిలోకి తొంగి చూసింది.

కారు నడపమని అడగడానికి త్రివేణి రెండో తాళం పట్టుకుని పక్కింటి సత్యప్రసాద్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన హుషారుగా వచ్చి కారు తలుపు తీశాడు. ట్యాగు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నాను ముట్టుకోను వదినా. కట్టినోడే తియ్యాల."

"ఇది కారు ప్రసాదూ, ప్లాంటు కాదు!"

"రూలు రూలే వదినా."

వాళ్ళుండే బారిడీహ్‌లో ఆ వీధంతా ప్లాంటువాళ్ళే. వచ్చినవాళ్ళందరూ ట్యాగు చదివి చేతులు కట్టుకున్నారు. తెరిచిన బానెట్, ఎర్ర ట్యాగు, ఏడుస్తున్న త్రివేణి. నాలుగిళ్ళ అవతల నుంచి చూసిన గోవిందరావుకి ఇంకేం కావాలి!

"ఆదిబాబుకేటైంది?" అన్నాడాయన. ఆ ప్రశ్న వీధి చివరికి చేరేసరికి జవాబైపోయింది: "చెయ్యి నలిగిపోయిందంట!" ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. పిల్లని పరీక్షకి దింపేందుకు అరడజను మోటారు సైకిళ్ళు పక్కనే ఉన్న సంగతి ఒక్క మహానుభావుడికీ తోచలేదు.

ఎనిమిదీ ముప్పై అయిదుకి ఆదిబాబు కొత్త ఫిల్టరుతో ఆటో దిగాడు. గుంపుని చూసి పరుగున వచ్చాడు.

"ఏటైంది? మా పాపకేటైనా అయిందా?"

జనం ముందు ఆయన వేళ్ళు లెక్కపెట్టారు. పదీ ఉన్నాయి. ఈ సందట్లో శ్వేత అదే ఆటోలోకి దూకింది. "భయ్యా, సాక్చి! జల్దీ!"

అంబులెన్సు వచ్చింది, తిట్టింది, వెళ్ళింది. ఆదిబాబు గడియారం మీంచి చూపు తిప్పలేదు. తొమ్మిదికి మూడు నిమిషాలుండగా బానెట్ కింద ఫోన్ మోగింది. ఆయనకన్నా ముందు త్రివేణి అందుకుంది.

"మమ్మీ, పహుంచ్ గయీ. అందర్ జా రహీ హూఁ."

పిల్ల వేళకి చేరి లోపలికి వెళ్తోందని విని త్రివేణి గుమ్మంలో కూలబడి బావురుమంది. తరవాత కళ్ళు తుడుచుకుని లేచి, ట్యాగు మీద మొగుడి పేరు కొట్టేసి, తన పేరు రాసి, రెండు ముళ్ళు వేసి మళ్ళీ కట్టింది.

మర్నాడు డ్యూటీకి బయల్దేరుతూ ఆదిబాబు బతిమాలాడు. "తియ్యవే! ఇంకా ఏటి పని జరుగుతంది?"

"నీకు బుద్ధి వత్తంది. అయ్యేక తీత్తాను."

పక్కింటి గోడ మీంచి సత్యప్రసాద్ చూస్తున్నాడు. ఆదిబాబు తాళం జేబులో వేసుకుని పాత సైకిలు బయటికి తీశాడు.

పెట్రోలు ఖర్చు ఆయన అనుకున్నదానికన్నా ఎక్కువే తగ్గింది.