రిచ్‌మండ్ మూలాల విచారణ సంఘం

కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి ఎడమకు తిరిగితే వచ్చే మా ‘రిచ్‌మండ్ రాయల్ రిట్రీట్’ అపార్ట్‌మెంట్లకు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి ఏకగ్రీవంగా ఒక సంఘం ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంతకుముందు మూడు వారాల్లో ఈ విషయం మీద నలుగురు మాట్లాడుకోవడం మానేశారు, ఇద్దరు వాట్సాప్ గ్రూపే మానేశారు.

గొడవ చిన్నదేమీ కాదు. ఇంగ్లండు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అన్నిచోట్లా రిచ్‌మండ్‌లున్నాయి. మూడో టవర్ అవినాష్ అమెరికా రిచ్‌మండ్‌లో రెండేళ్ళు ప్రాజెక్టు చేశాడు కాబట్టి మాది ఆ రిచ్‌మండే అన్నాడు. ఐదో టవర్ ఉమాశ్రీ లండన్ పక్క రిచ్‌మండ్‌లో ఆరు నెలలుంది కాబట్టి కానే కాదంది. ఎక్కడికీ వెళ్ళని నాబోటివాళ్ళం తటస్థంగా ఉన్నాం.

అధ్యక్షుడు కామేశ్వరరావుగారు రాజమండ్రి వైపు తహసీల్దారుగా చేసి రిటైరయ్యారు. ఫైలు కనిపిస్తే ఆయనకు ప్రాణం లేచొస్తుంది. నాలుగు ఆదివారాలు క్లబ్‌హౌస్‌లో సమోసాల మధ్య విచారణ జరిగింది. ఫ్రాన్సులో ఓ పల్లె పేరు ఇంగ్లండులో కోటకు వచ్చిందనీ, దాన్ని ఓ రాజుగారు లండన్ దగ్గర తన మేడకు పెట్టుకున్నారనీ, అక్కడి నది ఒంపులాంటిదే కనబడి ఇంకొకాయన అమెరికాలో ఊరికి పెట్టాడనీ తేలింది. వెంటనే అవినాష్ డ్రోన్ ఎగరేసి మా వెనక మురికినాలా ఫొటో తీశాడు. అచ్చం అదే ఒంపు. అందరం సమోసాలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాం.

ఆ చప్పట్ల మధ్యకు మా తోటమాలి సాయిలు వచ్చాడు. ఈ నేల మీదే పుట్టినవాడు. మనవరాలు రేఖకు కాలేజీలో స్థానికుల సీటు రావాలంటే తాత పుట్టిన ఊరికి రుజువు కావాలట. మండలాఫీసు కంప్యూటర్‌లో బోడకుంట అనే ఊరే లేదట.

“రేపే ఆఖరు తారీఖు సార్. గీ జాగ మునుపు బోడకుంట అని జర ఒక్క కాయితం మీద రాసి ముద్ర కొట్టియ్యిండ్రి. గది నాలా గాదు సార్, మా కుంట నిండితె నీళ్ళు పొర్లే అలుగు. మీ ఐదో టవర్ కాడ మేం బర్లను కడుగుతుంటిమి.”

మా చోటు పుట్టుపూర్వోత్తరాలు ఇంత స్పష్టంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అందుకే అందరికీ భయం వేసింది.

“కుంట అని రాసిచ్చామా, మన ఇళ్ళన్నీ నీళ్ళలో కట్టామని మనమే సంతకం పెట్టినట్టండీ! కూల్చడానికి జేసీబీలు వచ్చేస్తాయి” అన్నారు కామేశ్వరరావుగారు గొంతు తగ్గించి.

ఉమాశ్రీ, అవినాష్ మొదటిసారి ఒక్కమాట మీదికొచ్చారు.

అయినా మేం మరీ రాతిగుండెవాళ్ళం కాదు. కాయితం ఇచ్చాం. ‘సాయిలు వంశపారంపర్యంగా రిచ్‌మండ్ వాస్తవ్యుడని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ గుండ్రటి ముద్ర, ఏడుగురి సంతకాలు.

మర్నాడు కాలేజీ కౌంటర్లో ఆ పేరు కొట్టగానే కంప్యూటర్ ఐదు దేశాలు చూపించింది. ఇండియా అందులో లేదు. గుమస్తా రేఖ పేరు స్థానికుల జాబితాలోంచి తీసేసి, ఎన్నారై కోటాలో ప్రయత్నించమని మర్యాదగా సలహా ఇచ్చాడు.

సాయంత్రం సాయిలు మా కాయితం మాకే తిరిగిచ్చాడు.

“తాతల కాడికెల్లి గీడనే ఉన్నం. మేమెప్పుడు పోయినం సార్ ఫారిన్‌కు?”

ఆ ప్రశ్న సంఘం పరిధిలోకి రాదని మినిట్స్‌లో నమోదైంది. నాకు సిగ్గేసింది. అయినా ఆ మినిట్స్ రాసింది నేనే. మీరైతే అలా రాసేవారు కాదంటారా? ముందు మీ అపార్ట్‌మెంట్ కింద ఏముండేదో కనుక్కుని, అప్పుడు చెప్పండి.