నారింజ చొక్కా నియమం

మంగళవారం పొద్దున్నే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ మెర్విన్ ట్రెగియర్ చాలా హుషారుగా ఉన్నాడు. పదిన్నరకు మగవాళ్ళ షెడ్డులో వార్షిక సమావేశం. ఉద్యోగాలు వదిలిన ఊరి మగవాళ్ళంతా చేరి బెంచీలూ పిట్టగూళ్ళూ చేస్తూ, ఇంట్లో భార్యలకు కాస్త తెరిపి ఇచ్చే చోటది. మూడేళ్ళుగా దానికి భద్రతాధికారి మెర్వినే, అందరికీ మెర్వ్. ఈసారి ఎదురింటి లిండ్సే పోటీకి నిలబడ్డాడు. ఆ పదవి పోతే మెర్వ్‌కు మిగిలేది తోటలో గడ్డి కొయ్యడమే.

వెళ్ళేలోపు కొత్త నియమాల పలకకు నాలుగు కన్నాలు వేద్దామని గరాజులోకి వెళ్ళి డ్రిల్లు తీశాడు. దాని బ్యాటరీ పూరీలా పొంగి ఉంది.

ఎందుకు పొంగిందో మెర్వ్‌కు తెలుసు. శనివారం ఫిబ్రవరి నడివేసవి ఎండలో దాన్ని కారు సీటు మీద వదిలేశాడు. సాయంత్రం వేడి తగ్గకముందే చార్జింగు పెట్టాడు, అదీ వేరే కంపెనీ చార్జరుతో. పెట్టి కునుకు తీశాడు. తాను రాసిన ఏడు నియమాల్లో నాలుగింటిని ఒక్క పూటలో తుంగలో తొక్కాడు.

అసలు గొడవంతా ఏడో నియమంతో. బ్యాటరీ పొంగినా, కింద పడి పగిలినా దాని యజమాని నారింజ రంగు చొక్కా తొడుక్కుని, టీ వేళ అందరి ముందూ నిలబడి ఎలా జరిగిందో చెప్పాలి. ఎవరూ తప్పించుకోకుండా ప్రతి బ్యాటరీ మీదా తెల్ల రంగుతో పేరు రాయించాడు. పోయిన నెలే లిండ్సేను ఆ చొక్కాలో పావుగంట నిలబెట్టి, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేశాడు.

పాత బ్యాటరీలు డంపింగ్ యార్డులో తీసుకుంటారు. కానీ మంగళవారాలు అక్కడ కూర్చునేది షెడ్డు సభ్యుడు బారీ. బారీకి చెప్తే ఊరికి వేరే చాటింపు అక్కర్లేదు. సొంత చెత్తబిన్నులో వేద్దామంటే, భార్య నోలీన్ మూత తీసి చూడనిదే దాన్ని రోడ్డు మీదికి పంపదు.

ఇంకేముంది, అలవాటు కొద్దీ బ్యాటరీ కొసలకు పసుపు టేపు చుట్టాడు. పాత పేపర్లో పొట్లం కట్టాడు. రోడ్డు దాటి, లిండ్సే బిన్ను మూత మీది ఇటుక తీసి, పొట్లం లోపల పడేసి, ఇటుక మళ్ళీ పెట్టాడు.

వెనక్కి తిరిగేసరికి గేటు దగ్గర నోలీన్.

"లిండ్సే బిన్నుతో నీకేం పని?"

"కాకటూ చిలకలు చెత్త కోసం ఇటుక దొర్లించేశాయి. పాపం, మూత వేసి వస్తున్నా."

"నువ్వా? లిండ్సేకా?" నోలీన్‌కు భర్త మీద ఇన్నేళ్ళకు ముచ్చటేసింది. ఆ ముచ్చట కాస్తా వెంటనే ఫోనులో లిండ్సేకు చెప్పేసింది.

అయిదు నిమిషాల్లో లిండ్సే నారింజ జామ్ సీసాతో దిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా బిన్ను మూశావట. లోపలికేమైనా తొంగి చూశావా?"

"నేనెందుకు చూస్తానురా?"

"ఊరికే అడిగాలే. నేనైతే నీ బిన్ను జోలికే రాలేదు, ఒట్టు."

ఆ సంగతి ఎవరూ అడగలేదు. మెర్వ్ మాత్రం వీడికి అంతా తెలిసిపోయిందని, సమావేశంలో బయటపెట్టేముందు ఆరా తీయడానికే జామ్ వంకతో వచ్చాడని అనుకున్నాడు.

చెత్త లారీ వచ్చింది. మెర్వ్ బిన్ను ఎత్తింది, లిండ్సే బిన్ను ఎత్తింది, వీధి చివర షెడ్డు దాకా వెళ్ళి పొగలు కక్కింది. డ్రైవరు లారీ ఆపి మొత్తం చెత్తను నడిరోడ్డు మీద కుమ్మరించేశాడు. లారీ దక్కాలంటే అదే దారి.

ఊరి అగ్నిమాపక దళానికి కెప్టెన్ గ్లెనిస్. దళమంటే షెడ్డు సభ్యులే, సమావేశం కోసం వేసుకున్న మంచి బట్టల్లోనే గొట్టాలు పట్టుకున్నారు. మెర్వ్ ఎవరి మాటా వినకుండా పార పట్టుకుని చెత్తలోకి దూకాడు. లిండ్సే ఇంకో పారతో వెంటపడ్డాడు.

"ఆ పొట్లం వదలరా!" అన్నాడు మెర్వ్.

"నువ్వు వదులు! నేను ముందు చూశా!"

"ఇద్దరికీ మతి పోయిందా? బయటికి రండి!" అని అరిచింది గ్లెనిస్. అవతల బారీ వాళ్ళ ధైర్యానికి చప్పట్లు కొడుతున్నాడు.

ఆ చప్పట్లు వింటే మెర్వ్‌కు తల తీసేసినట్టయింది. పొగ తగ్గాక గ్లెనిస్ కడ్డీతో ఒక బ్యాటరీని బయటికి లాగి వంగి చూస్తుంటే ఇక తట్టుకోలేకపోయాడు.

"చూడక్కర్లేదు గ్లెనిస్, అది నాదే. భయపడి లిండ్సే బిన్నులో వేశాను. ఊరు తగలబెట్టాను. ఆ చొక్కా ఇలా తెండి."

గ్లెనిస్ దాన్ని తిప్పి చూసింది. "నీదే. కానీ ఇది చల్లగా ఉంది. టేపు కూడా చెక్కుచెదరలేదు. కాలింది ఇది కాదు."

బొగ్గయిన బ్యాటరీ ఇంకొకటి ఆమె బూటు పక్కనే ఉంది. లిండ్సే పార కింద పెట్టాడు. "అది నాది. నీ బిన్నులో వేశా, మెర్వ్."

ఇంకా కెలికితే మరో నాలుగు దొరికాయి. ఒక దాని మీద బారీ పేరుంది. చప్పట్లు ఆగిపోయాయి.

"డంపింగ్ యార్డులో కూర్చునేవాడివి, నీకేం రోగం? అక్కడే ఇచ్చుకోవచ్చుగా?" అంది గ్లెనిస్.

"ఎవరేం ఇచ్చారో ఆ చిట్టా మెర్వ్‌కు వెళ్తుంది కదా," అని గొణిగాడు బారీ. "ఆ చొక్కా వేసుకుని నిలబడ్డం మా వల్ల కాదు."

మెర్వ్‌కు సిగ్గేసింది. తన బ్యాటరీ గురించి కాదు, ఆ చొక్కా గురించి. సమావేశం రోడ్డు మీదే జరిగింది. ఏడో నియమం కొట్టేశారు. లిండ్సే పోటీ నుంచి తప్పుకున్నాడు. టేపు చుట్టినవాడు ఒక్కడే ఉన్నాడని మెర్వ్‌నే మళ్ళీ ఎన్నుకున్నారు. షెడ్డు బయట, గోడకు దూరంగా, పాడైన బ్యాటరీలు వేయడానికి ఇసుక పోసిన మూత ఉన్న బకెట్టు పెట్టాలని, ఎవరిదని అడిగేవాడూ రాసేవాడూ ఉండకూడదని గ్లెనిస్ ఆర్డరు వేసింది.

గురువారానికల్లా బకెట్టు నిండింది. అన్నిటి మీదా పేర్లు శుభ్రంగా గీకేసి ఉన్నాయి. అన్నిటికంటే పైనున్న దాని మీద మాత్రం అగ్నిమాపక దళంలో కెప్టెన్ సామాన్లకు వేసే ఎర్ర రంగు ఇంకా కొంచెం మిగిలి ఉంది.