నల్లా లేని హీటరు

పొద్దున్నే వ్యానుకు హీటరు బిగించుకుని, ఎండెక్కకముందే, మగ్గాల పనికి వలసొచ్చి ఉంటున్న ఉధ్నా దాటాలన్నది రాజమల్లు వేసుకున్న ప్లాను. సిరిసిల్ల దగ్గర ఊళ్ళో అతని పిన్ని లచ్చవ్వ మంచం పట్టింది. గంజి కూడా మింగడం లేదని కబురు. ప్రాణం ఉండగా చెల్లెలి ముఖం చూడాలని తల్లి నర్సవ్వ ఒకటే ఏడుపు. పోనీ రైలెక్కుదామంటే కరోనా భయం. మిగిలింది బట్టల మూటలు మోసే ముసలి మెటాడోర్. దాని తలుపుల సందుల్లోంచి డిసెంబరు చలి సూదుల్లా గుచ్చుతుంది, నర్సవ్వకేమో ఉబ్బసపు దమ్ము.

మెకానిక్ బ్రహ్మచారి పాతసామానులోంచి రెండు హీటర్లు తీశాడు. "ఇంజన్ల వేడినీళ్ళు ఈ డబ్బలకు వస్తయి, ఫ్యాను ఆ వేడిని మీ మీదికి కొడ్తది. దీనికి నల్లా ఉన్నది, వద్దనుకుంటే బంద్ జేస్కోవచ్చు. దానికి లేదు, ఇంజన్ నడిచినంతసేపు నడుస్తనే ఉంటది. నా మాటిను, నల్లాదే తీస్కో."

రాజమల్లు ఏళ్ళ తరబడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. ఆ ఏడు లాక్‌డౌన్లో మగ్గాలన్నీ మూగబోతే, ఆ నిశ్శబ్దానికి అతనికి పిచ్చెక్కినంత పనైంది. బంద్ అన్న మాటే గిట్టకుండా పోయింది.

"ఆగేది గూడ ఒక మిషినేనా? నల్లా లేనిదే బిగించు" అన్నాడు.

హైవే ఎక్కేసరికి ఎండ ముదిరింది, హీటరూ ముదిరింది. రాజమల్లు భార్య భాగీరథి చెమటలు కక్కుతూ అద్దం దించబోయింది. నర్సవ్వ చెయ్యి పట్టుకుంది.

"తియ్యకే పిల్లా! గాలిల రోగమున్నది. చెల్లెను జూసినంక సస్త గని, ముందుగాల సావ."

"ఉడికిపోతున్నమత్తా! ఏమయ్యా, జర బంద్ జెయ్యరాదు?"

"నల్లా లేదే."

"లేనిది ఎందుకు దెస్తివి?"

రాజమల్లుకు ఆ క్షణంలోనే రోడ్డు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది.

సరిహద్దు చెక్‌పోస్టులో ఆరోగ్య సిబ్బంది ముగ్గురి నుదుళ్ళకూ పిస్తోలు లాంటి థర్మామీటరు పెట్టారు. ముగ్గురికీ నూటరెండు! పెట్టినవాడు నాలుగడుగులు వెనక్కి దూకాడు. "తీనోఁ కో బుఖార్!"

"బుఖార్ నహీ సాబ్, హీటర్! బంద్ నహీ హోతా!" అని మొత్తుకున్నాడు రాజమల్లు.

పాపం, జ్వరం నెత్తికెక్కి పేలుతున్నాడనుకున్నారు. పక్కనే ఉన్న బడి గదిలో ముగ్గురినీ పెట్టి గొళ్ళెం వేశారు. చిన్నపిల్లల బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న తల్లిని చూస్తే రాజమల్లుకు తన మీద తనకే అసహ్యమేసింది. లచ్చవ్వ కొడుకు మొండయ్యకు ఫోన్ చేశాడు. సిగ్నలు అంతంతమాత్రం, పైగా మూతికి రెండు మాస్కులు.

"తమ్మీ, మా అవ్వ నొసలు కాలింది..."

"ఏందన్నా? పెద్దవ్వ కాలం జేసిందా?"

"ఆఁ, కాలింది, కాలింది! మమ్ముల గూడ లోపల వెట్టిన్రు" అనేలోపు ఫోన్ తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

సాయంత్రానికి ముగ్గురి ఒళ్ళూ చల్లబడ్డాయి. ఏం మందు వాడారని సిబ్బంది ఆశ్చర్యంగా అడిగారు. వ్యాను దిగడమేనని చెబితే ఎవరూ నమ్మలేదు గానీ, వదిలిపెట్టారు.

తెల్లారి ఊళ్ళో అడుగు పెట్టేసరికి లచ్చవ్వ ఇంట్లోంచి ఏడుపులు. "అందలేకపోతినే చెల్లే!" అంటూ నర్సవ్వ గుండెలు బాదుకుంటూ వాకిట్లోకి పరుగెత్తింది. వాకిలి నిండా జనం. వాళ్ళ మధ్య మొండయ్య పట్టుకుంటే కూర్చుని, అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది లచ్చవ్వే.

"నేను వోవాల్సినదాన్ని, నువ్వు వోతివా అక్కా!"

నర్సవ్వను చూడగానే దయ్యమని కొందరు, కరోనా అని కొందరు చెల్లాచెదురయ్యారు. లచ్చవ్వ మాత్రం చేతులు చాచింది.

"కాలం జేసిందని అన్ననే చెప్పిండు!" అన్నాడు మొండయ్య బిక్కచచ్చిపోయి.

"నొసలు కాలిందన్న గదరా!" అన్నాడు రాజమల్లు.

అది విని పారిపోయినవాళ్ళు మెల్లగా మళ్ళీ వాకిట్లోకి చేరారు. అక్కాచెల్లెళ్ళకు ఆ తగువుతో పనిలేదు. అక్క తాగిస్తే లచ్చవ్వ గిన్నెడు గంజి తాగింది. "ఇంత ఆల్శెమా?" అని తిట్టింది కూడా. తర్వాత అక్క ఒళ్ళో తలపెట్టుకుని పడుకుని, మధ్యాహ్నానికల్లా అలాగే కన్నుమూసింది. రాజమల్లు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఏడవడానికి మళ్ళీ ఎవరినీ పిలవాల్సిన పని పడలేదు.