నాద్‌కేర్ తడి కౌంటరు

నీటి పక్కన నిలబడినంత మాత్రాన తడి అనేది ఎవరికి పడితే వారికి దొరికే వస్తువు కాదని లోకానికి తేల్చి చెప్పిన ఘనత నాద్‌కేర్ చెరువు గాలపు సంఘానిది. హంగరీలో చెరువులకు కొదవ లేదు, వాటిలో కార్ప్ చేపలకూ కొదవ లేదు, వాటి కోసం గాలం పట్టుకుని రోజంతా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే మగవాళ్ళకు అసలే కొదవ లేదు. కానీ తడికి ఒక కార్యాలయం, దానికొక కౌంటరు, ఆ కౌంటరుకొక అధికారిణి ఉన్న చెరువు ఇదొక్కటే.

కార్ప్ చేపకు వేసే ఎర, మొక్కజొన్న పిండీ రవ్వా గుడ్డూ కలిపి ఉడకబెట్టిన ఉండ. గోళీలా గట్టిపడేదాకా దాన్ని ఎండబెడితే చెడిపోదు, చిన్న చేపలు కొరుక్కుపోలేవు. ముందురోజు దాన్ని తీపి పాకంలోనో వెల్లుల్లి రసంలోనో నానేస్తే రాత్రంతా తాగి, తెల్లారేసరికి ఉబ్బి, చెరువులో పడగానే వాసన వదులుతుంది. పెద్ద చేప ఆ వాసనకే వస్తుంది. ఎండు ఉండను మాత్రం రాయి కింద జమకట్టి పక్కనుంచి పోతుంది. తాతల నాటి నుంచి ఎవరి వంటింట్లో వారు నానేసుకునేవారు. (ఆ అరాచకం అన్నేళ్ళు ఎలా సాగిందో సంఘానికి ఇప్పటికీ అంతుపట్టలేదు.)

వసంతంలో హర్మత్ గారు అధ్యక్షులయ్యారు. ఊరూపేరూ తెలియని పాకాలు చెరువులో కలుస్తున్నాయని ఆయన బెంగపెట్టుకున్నారు. ఆ బెంగ నిబంధన అయింది. ఇకమీదట ఉండలు గేటు దగ్గరికి పూర్తిగా ఎండి రావాలి. పాకం విడిగా, మూత బిగించి రావాలి. ఆ రెంటినీ తడి కౌంటరులో, అధికారిణి సమక్షంలో మాత్రమే కలపాలి. (వానపాములు, మొక్కజొన్న గింజలు అంతకుముందే నిషేధం. ఆ కథ వేరు, అందులో ఇద్దరు రాజీనామా చేశారు.) కౌంటరు నాలుగింటికి మూస్తారు. అప్పటికి నానని ఉండ ఎండుదీ కాదు, తడిదీ కాదు గనుక దాన్ని వెనక కిటికీలోంచి పారవేయాలి. రాత్రికి అక్కడ ఉంచడం కుదరదు. ఉబ్బిపోయే వస్తువులకు కార్యాలయం బాధ్యత వహించదు.

వెండెల్ రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి. ఎర్రదీపం వెలిగితే ఎందుకు వెలిగిందని అడిగే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. అందుచేత మొదటిరోజే ఉండలు ఒక డబ్బాలో, భార్య ఎతెల్కా కాచిన పుల్ల చెర్రీ పాకం ఒక సీసాలో పోసుకుని వరుసలో నిలబడ్డాడు.

తడి అధికారిణి బాబోష్ గారు ఒక ఉండను ఎత్తి పింగాణీ పళ్ళెంలో వేశారు. ఖంగుమని మోగితే ఎండినట్టు లెక్క.

"మోగలేదండీ," అన్నారు ఆవిడ.

"మోగిందమ్మా. మీరు సరిగ్గా అప్పుడే తుమ్మారు."

"నా తుమ్ముకీ పరీక్షకీ సంబంధం లేదు." ఆవిడ మళ్ళీ వేస్తే ఉండ ఖంగుమంది. "పాకం ఇలా ఇవ్వండి, వాసన చూడాలి." ఆవిడకు వసంతం నుంచి జలుబు తగ్గలేదు. అయినా ముక్కు పెట్టి గట్టిగా పీల్చి, "వాసన: లేదు" అని రాసుకున్నారు. (ఆ సీజన్‌లో నాద్‌కేర్ చెరువుకొచ్చిన పాకాల్లో దేనికీ వాసన లేదు. పరిశుభ్రతకు ఇది తార్కాణమని హర్మత్ గారు సభలో చెప్పుకున్నారు.)

నాలుగయింది. ఉండలు పైపైన చెమర్చాయి గానీ లోపల రాళ్ళే. బాబోష్ గారు వాటిని కిటికీలోంచి పారబోశారు.

వేసవంతా ఇదే తంతు. ఎండు ఉండతోనే గాలం వేయడానికి అభ్యంతరం ఏమీ లేదు, వెండెల్ వేశాడు కూడా. చేపలు దాన్ని చూసి దారి ఇచ్చాయి.

ఇదంతా కాలక్షేపం వ్యవహారమే అయితే ఆయన ఎప్పుడో ఊరుకునేవాడు. కానీ నిబంధనకు ఒక తోక ఉంది. నవంబరులో వచ్చే మార్టిన్ పండుగలోగా ఒక్క కార్ప్ అయినా ఒడ్డెక్కని సభ్యుడి చెక్క రేవును ఖాళీగా ఉన్నట్టు భావించి, అర్జీ పెట్టుకున్న మరొకరికి ఇస్తారు. వెండెల్ రేవుకు అర్జీ పెట్టింది హర్మత్ గారి మేనల్లుడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అతను అప్పుడే టేపు తెచ్చి పలకలు కొలుచుకుపోయాడు.

ఆ రేవును వెండెల్ తన చేతులతో కట్టాడు. ఎతెల్కా మోకాళ్ళు అరిగిపోయాయి. చెరువుకు మిగతా అన్ని వైపులా ఒడ్డు నిటారుగా ఉంటుంది. ఈ రేవుకు మాత్రం మెట్లు లేవు, ఆవిడ చేతి ఎత్తుకు సరిపోయే కొయ్య కమ్మి ఉంది. దాన్ని పట్టుకుని చివరిదాకా నడిచి, కుర్చీలో కూర్చుని, నీళ్ళ వైపు చూస్తూ మొగుణ్ణి సతాయించడం ఆవిడకు బతుకులో మిగిలిన సుఖం. ఆ సతాయింపు లేని చెరువును ఊహించుకుంటే వెండెల్‌కు గుండెలో దిగులుగా ఉండేది.

"ఏమయ్యా, ఇవాళ కూడా చేపలకి నైవేద్యం పెట్టొచ్చావా?" అంది ఎతెల్కా, పండుగ ముందురోజు.

"నాలుగింటికే మూసేస్తారే. రాత్రంతా నానాలి కదా, నేనేం చెయ్యను?"

"మా కొట్లో కేకుకి పాకం పట్టించాలంటే రాత్రంతా జాగారం చేసేవాళ్ళమా? సూదితో పొడిచి వేడివేడిగా పోసేవాళ్ళం. నలభై ఏళ్ళు నా చేతి కేకులు తిన్నావు, ఆ మాత్రం బుర్రకి తట్టలేదూ?"

"తినేటప్పుడు ఎవడు ఆలోచిస్తాడే?"

మర్నాడు ఆవిడే కర్ర ఊతంగా బయల్దేరింది. ఉండలన్నిటికీ సన్నటి బెజ్జాలు. పాకం సీసా వేడి చల్లారకుండా ఉన్ని మేజోడులో ఉంది. పళ్ళెంలో ఉండలు ఖంగుమన్నాయి. వేడి పాకం పోస్తే దాహంతో ఉన్న గుర్రాల్లా తాగాయి. మూడున్నరకల్లా ఉబ్బి నిగనిగలాడాయి. వెండెల్ ముఖం కూడా ఉబ్బింది, ఆనందంతో.

బాబోష్ గారు ఒక ఉండను వెలుతురుకు పెట్టి చూశారు. "వీటికి చిల్లులున్నాయండీ."

"ఉంటే?"

ఆవిడ ఫోన్‌లో హర్మత్ గారిని అడిగారు. చిల్లు ఉన్న ఉండ ఉండ కాదు, పూస అని జవాబు వచ్చింది. పూసలు ఆభరణాలు. ఆభరణాలను తడిపే అధికారం ఈ కౌంటరుకు లేదు.

"అమ్మాయ్, నీ పెళ్ళి కేకు చేసింది నేనే," అంది ఎతెల్కా. "గుర్తుందా?"

"గుర్తుందండీ పెద్దమ్మా. చాలా బాగుంది," అంటూ బాబోష్ గారు ఉండలను కిటికీలోంచి పారబోశారు. కింద చెరువు నీళ్ళు కుతకుత ఉడికినట్టయ్యాయి.

వెండెల్ వంగి చూశాడు. కిటికీ కింద కార్ప్ చేపలు, ఒకదాని వీపు మీద ఒకటి, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చెరువంతా గాలించినా కనబడని పెద్దలందరూ అక్కడే ఉన్నారు.

"ఇవెప్పట్నుంచి?"

"వేసవి నుంచీ అండీ. నాలుగయ్యేసరికి ఠంచనుగా వస్తాయి. సిబ్బంది కంటే నయం."

"ఇక్కడ గాలం వెయ్యకూడదని ఉందా?"

బాబోష్ గారు నిబంధనలన్నీ తిరగేశారు. చేపలు కార్యాలయానికి వస్తాయని ఎవరూ అనుకోలేదు గనుక అలాంటిదేమీ లేదు. కిటికీ అంచున అంటుకున్న ఒక ఉండను వెండెల్ గాలానికి గుచ్చి జారవిడిచాడు. అది నీళ్ళను తాకీ తాకకముందే గాలం కర్ర వంగింది. పంది పిల్లంత కార్ప్. ఎతెల్కా బెంచీ మీంచే వల అందించింది. రేవు దక్కిందనుకుని ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి, అధికారిణికి కూడా.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, నియమం ప్రకారం రాశారు: చేప ఒడ్డెక్కిన చోటు, తడి కౌంటరు. దానితో కౌంటరు ఫలవంతమైన రేవుగా గుర్తింపు పొందింది. వెండెల్ రేవు ఖాళీగా ఉన్నట్టు ఖరారైంది. చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేశారు. అది ఎక్కడికీ వెళ్ళలేదు, కిటికీ కిందే ఉండిపోయింది.

మేనల్లుడు రేవుకు రంగు వేయించాడు, కొయ్య కమ్మి చూపుకు అడ్డమని తీయించాడు. అక్కడ చేపలు లేవని తెలిశాక మళ్ళీ రాలేదు. కమ్మి ఊడదీసిన గుంటలు చూసి వెండెల్ ఇంటికొచ్చి చెప్పాడు. ఆ రోజు ఎతెల్కా ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు ఆవిడ రోజూ మూడు ఎండు ఉండలు తీసుకుని తడి కౌంటరుకు వస్తుంది. అక్కడి బెంచీ వరుసలో ఉన్నవారికి మాత్రమేనని బోర్డు ఉంది. అందుకని వరుసలోనే కూర్చుంటుంది. అక్కడి నుంచి నీళ్ళు కనిపిస్తాయి, వెండెల్‌ను సతాయించడానికీ వీలుగా ఉంటుంది. సీజన్‌లో ఒక్క ఉండ కూడా నానని వ్యక్తి వరుసలోని స్థానాన్ని ఖాళీగా ఉన్నట్టు భావించాలన్న సవరణ వచ్చే సభకు రానుంది. నిన్న మేనల్లుడు టేపు తెచ్చి బెంచీ కొలుచుకుపోయాడు.