ఖర్చులేని ఆనందానికి ఫారం పదకొండు

దేవుడు మనిషికి ఉచితంగా ఇచ్చినవేవీ రసీదుతో ఇవ్వలేదు. ఎందుకివ్వలేదన్నది మీటర్ల మనిషిని ఏళ్ల తరబడి పట్టుకున్న సందేహం. నీటి సరఫరా కార్యాలయం తరఫున ఇరవై రెండేళ్లుగా ఆయన ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చదువుతున్నాడు. పొద్దున్నే దేవుడి పటం ముందు దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా ఈ సంగతి అడగాలనుకుంటాడు. పెద్దవాళ్లను అలా నిలదీయకూడదని ఊరుకుంటాడు. గాలికి మీటరు లేదు. ఎండకీ లేదు. ఇంట్లోవాళ్లంతా ఒకచోట చేరి నవ్వుకుంటే అది ఎన్ని యూనిట్లో చూపించే ముల్లు ఎక్కడా లేదు. కొలత లేనిది ఉందని పైఅధికారికి ఎలా చెప్పడం?

ఆ లోటు తీర్చడానికే వ్యయరహిత కుటుంబ ఆనంద శాఖ వెలిసింది.

ఆదివారం కూడా పనిచేసే ఉద్యోగులకు ఆ శాఖ ఒక వరం ప్రకటించింది. పైసా ఖర్చు లేకుండా ఇంటిల్లిపాదీ కలిసి ఆనందించగలమని మూడు ఆదివారాలు రుజువు చేసుకుంటే, ఇక రిటైరయ్యే దాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం సెలవు. రుజువుకి ఫారం పదకొండు. (మొదటి పది ఫారాలు ఈ ఫారం కోసం పెట్టుకోవలసిన దరఖాస్తులు.) తనిఖీ మూడింటి నుంచి ఐదింటి దాకా, ఆ మూడు వారాలూ ఆ రెండు గంటలకి మాత్రం డ్యూటీ మినహాయింపు. సరిగ్గా ఐదింటికి కుటుంబ సభ్యులందరూ పరిశీలకుడి ఎదుట సంతకాలు చేయాలి. ఆనందం ముందే ముగిసినా, ఆలస్యంగా ముగిసినా చెల్లదు.

మీటర్ల మనిషి ఇంట్లో రెండు ఆదివారాలు గట్టెక్కాయి. మొదటివారం ఆయన తల్లి ఒకే కథను మూడుసార్లు చెప్పింది. మూడు కథలుగా లెక్కకొచ్చాయి. రెండోవారం పొడుపు కథలు. ఫ్యాను కింద కలిగిన ఆనందంలో కరెంటు కలిసి ఉంటుంది కాబట్టి ఫ్యాను ఆపించారు. చెమటలు కక్కుతూ నలుగురూ ముప్పై ఒక్కసార్లు నవ్వారు. (రెండు సెకన్లు దాటితే ఒక నవ్వు. ఆపుకుంటే అర. తల్లికి పళ్లు లేవు, నవ్వితే చప్పుడు రాదు. అందుకని ఆమెవి కూడా అరలే.)

మిగిలింది మూడోది.

మూడింటికి పరిశీలకుడు తన మడత కుర్చీ తానే మోసుకుని వచ్చాడు. ఇంటివాళ్ల కుర్చీలో కూర్చుంటే మర్యాద కిందికి వస్తుంది, మర్యాద ఖర్చు కిందికి వస్తుంది. మనిషి సన్నగా, ఇస్త్రీ చేసిన గొడుగులా ఉన్నాడు. వస్తూనే ఆయన కళ్లు దేవుడి పటం దగ్గర ఆగాయి.

"ఆ దీపం?"

"అది దేవుడిదండీ," అన్నాడు మీటర్ల మనిషి.

పరిశీలకుడు నిబంధనల పుస్తకం తిరగేశాడు. "దేవుడు కుటుంబ సభ్యుడేనా?"

"మా ఇంటికి ఆయనే పెద్దదిక్కు నాయనా," అంది తల్లి. "సంతకం మాత్రం పెట్టడు."

పరిశీలకుడు కాసేపు ఆలోచించి 'అతిథి' అని రాసుకున్నాడు. "ఈ వారం కార్యక్రమం?"

"దాగుడుమూతలు," అంది తొమ్మిదేళ్ల కూతురు. "నాన్నే దొంగ."

పరిశీలకుడు తలెత్తకుండా 'ఇంటి యజమాని దొంగ' అని రాసి, పక్కన గుండ్రటి ముద్ర వేశాడు.

"నాన్నే ఎందుకే? నేను ఉంటాగా," అంది మీటర్ల మనిషి భార్య.

"నాన్న నాకు బాకీ."

ఆ బాకీ ఐదేళ్లనాటిది. అప్పుడు పాపకి నాలుగేళ్లు. నాన్న గోడకు మొహం పెట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టాలి. పదిహేడు దగ్గర ఫోను మోగింది: రెండో వీధిలో ఒక మీటరు వెనక్కి తిరుగుతోంది, వెంటనే రావాలి. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పాప దాక్కున్నచోటే నిద్రపోయింది, గంట తర్వాత అమ్మ వెతికి తీసింది. అమ్మ తీస్తే ఆట లెక్కలోకి రాదు కదా. అప్పటినుంచి ఏం అడిగినా చివరికి అక్కడికే వస్తుంది. 'పాలు తాగవే' అంటే 'నువ్వు నన్ను ఒకసారి కనిపెట్టాలి' అంటుంది. అలాగే తల్లీ, ఆదివారం, అంటాడు నాన్న. ఆదివారం డ్యూటీ ఉంటుంది.

మీటర్ల మనిషి గోడకు తిరిగాడు. పదిహేడు దగ్గర కాస్త తడబడి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

చిక్కు మూడుంబావుకి మొదలైంది. పావుగంటకోసారి సభ్యులందరి హాజరు తీసుకోవాలని నాలుగో నిబంధన. కనిపించని సభ్యుడు లేనట్టే. దాగుడుమూతల్లో కనిపించే సభ్యుడు ఓడినట్టే. ఈ సంగతి నిబంధనలు రాసినవాళ్లకి తట్టలేదు. (వాళ్ల ఇళ్లలో ఎవరూ దాక్కునేవాళ్లు కాదేమో.) అందువల్ల రిజిస్టరు చంకన పెట్టుకుని పరిశీలకుడు తానూ వెతకడం మొదలుపెట్టాడు. పైగా ఆనందంలో అధికారి జోక్యం చేసుకోకూడదని తొమ్మిదో నిబంధన, కాబట్టి దొంగకు తెలియకుండా వెతకాలి.

తలుపు వెనక మీటర్ల మనిషి భార్య దొరికింది.

"మీరు హాజరు," అన్నాడు పరిశీలకుడు గుసగుసగా.

"కాస్త పక్కకి జరగండి సార్, మీ నీడ బయటికి పడుతోంది."

ఆయన జరిగాడు. ఆ జరగడంలో తాను కూడా తలుపు వెనక దాక్కున్నట్టయిందని గ్రహించేసరికి మీటర్ల మనిషి అటే వచ్చాడు. పరిశీలకుడు ఊపిరి బిగబట్టాడు. (అది ఏ నిబంధన కింద అన్నది ఇప్పటికీ తేలలేదు.)

తల్లి మంచం మీదే ముసుగుతన్ని పడుకుంది. "ఇక్కడెవరూ లేరురా," అని లోపలినుంచి తనే చెప్పింది. మీటర్ల మనిషి "సరేనమ్మా" అని ముందుకు సాగాడు. తల్లి దుప్పటి కింద ఉన్నంతసేపూ నవ్వింది. మంచం కిర్రుమంటున్నందువల్ల ఈసారి ఆమె నవ్వులు చప్పుడున్నవిగా పూర్తి లెక్కలో పడ్డాయి. పరిశీలకుడు మోకాళ్ల మీద మంచం కింద దూరి, బూజు పట్టిన తలతో బయటికొచ్చేసరికి ఆయన మొహం ఒకలా మారింది. ఒక శబ్దం వచ్చింది. నవ్వే. వెంటనే రిజిస్టరు చూశాడు. పరిశీలకుడి నవ్వుకి గడి లేదు. ఆయన దాన్ని దగ్గుగా సర్దుకున్నాడు.

నాలుగున్నరకల్లా తలుపు వెనక భార్య, దుప్పటి కింద తల్లి దొరికిపోయారు. పాప దొరకలేదు. ఆరు హాజరుల్లోనూ ఆమె గడి ఖాళీ.

"పాప ఇంట్లోనే ఉందా?" అన్నాడు పరిశీలకుడు. "సంతకం లేకపోతే మూడు ఆదివారాలూ రద్దవుతాయి. ఏడాది ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి రుసుము ఉంది."

"పిలిస్తే వచ్చేస్తుందిగా," అంది తల్లి.

మీటర్ల మనిషి గొంతు సవరించుకున్నాడు. పిలిస్తే పాప వస్తుంది. వచ్చి సంతకం పెడుతుంది. ఆదివారాలన్నీ చేతికొస్తాయి. బాకీ మాత్రం అలాగే ఉంటుంది. ఆయన పిలవలేదు. భార్య పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అప్పుడెక్కడ దాక్కుంది?"

"ఎప్పుడు?"

"ఆ రోజు. ఫోనొచ్చిన రోజు."

భార్య ఆయన మొహంలోకి చూసింది. "ఐదేళ్లకి అడిగారే. ఊళ్లో మీటర్లు ఏ ఇంట్లో ఏ మూలన ఉంటాయో నిద్రలో లేపినా చెప్తారు."

"చెప్పవూ?"

"చెప్తే మీరు కనిపెట్టినట్టు అవదు. నేను కనిపెట్టినట్టవుతుంది."

ఐదింటికి రెండు నిమిషాలు ఉందనగా ఫోను మోగింది. కార్యాలయం. మీటర్ల మనిషి చెయ్యి అలవాటుగా జేబు దాకా వెళ్లి, ఆగింది. ఫోను తీసి తల్లి చేతిలో పెట్టాడు.

"హలో," అంది తల్లి. "వాడు పనిలో ఉన్నాడు నాయనా... ఏం తిరుగుతోందీ? వెనక్కా? తిరగనీ పాపం. ముందుకెప్పుడూ తిరిగేదేగా."

గడియారం ఐదు కొట్టింది. పరిశీలకుడు ఫారం పరిచి కలం మూత తీశాడు. "సంతకాలు."

మీటర్ల మనిషి కదల్లేదు. ఆయన కళ్లు గదిని మీటరు చదివినట్టు చదువుతున్నాయి: బీరువా పైన పెట్టెలు, పక్కన గోడ, కింద భార్య చీరల అర. ఆ అరలో నాలుగేళ్ల పిల్ల పడుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల పట్టదు. పట్టదని అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ చూడలేదు. అర తలుపు సందులోంచి చీర కొంగు ఒకటి బయటికొచ్చి, ఊపిరి తీసి వదిలినట్టు మెల్లగా కదులుతోంది.

ఆయన నేల మీద కూలబడి తలుపు తెరిచాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించి, మెడ పక్కకు వంచి, మడతపెట్టిన బట్టలా పాప.

"దొరికావు," అన్నాడు.

"కాళ్లు తిమ్మిరెక్కాయి నాన్నా," అంది పాప. బయటికి లాగబోతే రాలేదు. నాన్న ఒక చెయ్యి, అమ్మ ఒక చెయ్యి, నాయనమ్మ ఫోనుతో సహా నడుము పట్టుకుని లాగితే అందరూ కలిసి చీరల మీద పడ్డారు. ఆ నవ్వుకి వేళ్ల కణుపులు సరిపోక పరిశీలకుడు లెక్క వదిలేశాడు.

"ఐదు దాటి నాలుగు నిమిషాలు," అన్నాడాయన, నవ్వులు సద్దుమణిగాక. "ఆనందం నిర్ణీత సమయం మించింది. అనర్హత." కుర్చీ మడిచి, వెళ్లబోయి, ఆగాడు. "చీరల అర నాకు తట్టనేలేదు."

"మీ ఇంట్లోనూ పిల్లలున్నారా సార్?" అని అడిగింది మీటర్ల మనిషి భార్య.

"ఒకడు. మా ఇంటికీ ఆదివారాలే తనిఖీ. ఆ పరిశీలకుడు నియమం తప్పడు. ప్రతివారం నా గడిలో గైర్హాజరు అని రాసి వెళ్తాడు."

అర తలుపు లోపలివైపున, నాలుగేళ్ల పిల్ల చేతికందే ఎత్తులో, బాకీ గుర్తుగా ఒక సుద్దగీత ఉంది. మీటర్ల మనిషి దాన్ని చూడటం అదే మొదటిసారి. పాప వేలు నాలికకు అద్దుకుని గీతను చెరిపేసింది. "చెల్లు," అంది.

గుమ్మం దగ్గర నిలబడే పరిశీలకుడు ఫారం పూర్తిచేశాడు. చివరి గడిలో 'ఈ మూడు ఆదివారాల్లో పూర్తయిన పని' అని ఉంది. అక్కడ 'ఏమీ లేదు' అని రాసి, ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చాడు.